ఏదో ఒక ఫామ్ ఉండే ఉంటుంది

అమెరికాలో ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాను గానీ ఈ దేశం నడుమ భాగాన్ని విమానం కిటికీలోంచి తప్ప ఎప్పుడూ చూడలేదు. పైనుంచి చూస్తే గళ్ళ లుంగీ ఆరేసినట్టు ఉంటుంది. మొన్న వేసవిలో ఆ లుంగీ మీద మూడు రోజులు చీమలా పాకాను. జెర్సీ సిటీ నుంచి ఆర్కన్సాలోని బెంటన్‌విల్ దాకా, కారులో. బయల్దేరేటప్పుడు నడుము నొప్పి వస్తుందని భయపడ్డాను. వచ్చింది కోపం. నడుముకైతే మాత్ర ఉంది.

జెర్సీ సిటీ

ముందు నా తోటి ప్రయాణికురాలి గురించి చెప్పాలి. పేరు మహిత. ఇంజనీరింగ్‌లో నా రూమ్‌మేట్ ప్రసాద్ కూతురు. రెండో ఏట ఈ దేశం వచ్చింది. ప్రసాద్, లలిత బెంటన్‌విల్‌లో ఉంటారు, మహిత న్యూజెర్సీలో కాలేజీ చదువుతోంది. చదువుతోంది అనకూడదు, మూడో ఏడు అయింది, నాలుగో ఏడు లేదు.

ఎందుకు లేదంటే, ఆ వచ్చే బుధవారం ఆమెకి ఇరవై ఒకటి నిండుతాయి. తల్లిదండ్రుల వీసా నీడలో పెరిగే పిల్లలు ఇరవై ఒకటో పుట్టినరోజున ఆ నీడలోంచి బయటికి రావాలి. తండ్రికి అప్పటికి గ్రీన్ కార్డు వచ్చి ఉంటే సరే. లేకపోతే పిల్ల తన వీసా తాను చూసుకోవాలి. మహిత విద్యార్థి వీసాకి అప్లై చేసింది. కాదన్నారు. మీ నాన్న గ్రీన్ కార్డు అడిగాడు గనక నీకు ఇక్కడే ఉండిపోయే ఉద్దేశం ఉందని అనుమానంగా ఉంది, విద్యార్థికి అలాంటి ఉద్దేశం ఉండకూడదు, అని దాని సారాంశం. పంతొమ్మిదేళ్ళుగా ఉన్న పిల్లకి ఉండిపోయే ఉద్దేశం ఉందని కనిపెట్టడానికి వాళ్ళకి ఎనిమిది నెలలు పట్టింది.

వీసా అనే మాటకీ మన వీసం అనే మాటకీ చుట్టరికం లేదని పండితులంటారు. నాకు నమ్మకం చాలడం లేదు.

అందుకని మంగళవారం విమానంలో విజయవాడ వెళ్ళిపోతోంది, వాళ్ళ పిన్ని ఇంటికి. అక్కణ్ణుంచి మళ్ళీ వీసా అడగాలి. ఇంటర్వ్యూలో, నా ఇల్లు ఇండియానే, చదువవగానే తిరిగొచ్చేస్తాను అని నమ్మించాలి. ఆమె ఇండియా చూసింది రెండుసార్లు. రెండోసారి కామెర్లు వచ్చాయి. తోడు వెళ్దామంటే తల్లికీ తండ్రికీ కుదరదు. దేశం దాటితే వాళ్ళ వీసాకీ కొత్త ముద్ర పడాలి, పడకపోతే ముగ్గురూ అక్కడే. ప్రసాద్‌కి సెలవు కూడా దొరకలేదు. అందుకని పిల్లనీ సామాన్లనీ బెంటన్‌విల్ చేర్చే పని నేను తీసుకున్నాను. సామాన్లు పార్సిల్ చేసి, తను విమానంలో పోవచ్చు. కానీ మహిత, "ఒక్కసారి రోడ్ మీద చూస్తా అంకుల్. గ్రీన్ కార్డ్ వచ్చాక వెళ్దాం అని నాన్న ఎవ్రీ ఇయర్ చెప్పేవాడు" అంది.

నా సంగతీ చెప్పుకోవాలి. ప్రసాదూ నేనూ గ్రీన్ కార్డుకి ఒకే వారంలో అప్లై చేశాం. క్లాసులో వాడు మొదటి ర్యాంకు, నేను వాడి వెనక బెంచీ, పరీక్షల్లో నా మెడ చాలా సాగేది. ఇక్కడి క్యూ పుట్టిన దేశాన్ని బట్టి ఉంటుంది. ఇండియాలో పుట్టినవాళ్ళది దశాబ్దాల క్యూ. అయితే భార్య వేరే దేశంలో పుడితే భర్త ఆ దేశం క్యూలో నిలబడొచ్చు. మా అత్తగారు పురిటికి కువైట్ నుంచి రాజమండ్రి రావాలనుకుని, టికెట్ దొరక్క మా ఆవిడని అక్కడే కన్నారు. ఆ దొరకని టికెట్టే నా అమెరికా పౌరసత్వం. నాకు రెండేళ్ళలో కార్డు వచ్చింది. ప్రసాద్ ఇంకా నిలబడే ఉన్నాడు.

ఇంకొకటి ఉంది. పౌరసత్వ పరీక్షకి నన్ను చదివించింది మహితే. అప్పుడు దానికి పధ్నాలుగేళ్ళు. వేసవి సెలవులకి మా ఇంటికొచ్చి, ఊదారంగు ఇంకుతో వంద కార్డులు రాసింది. ఒకవైపు ప్రశ్న, ఇంకోవైపు జవాబు. నేను సెనేటర్లు ఎంతమందో తప్పు చెబితే చేతిమీద స్కేలుతో కొట్టేది. ఆ కార్డుల కట్ట ఇప్పటికీ నా కారు డాష్‌బోర్డ్ అరలో ఉంది. సామాన్లు సర్దుతూ అది చూసి, "ఓ మై గాడ్, మీరు ఇది పారెయ్యలేదా?" అంది. మహితకి తెలుగు బాగానే వచ్చు. గౌరవం మాత్రం ఒక వాక్యంలో ఎక్కుతుంది, ఇంకో వాక్యంలో దిగుతుంది. "మీరు కూర్చో అంకుల్, ఫస్ట్ నేను డ్రైవ్ చేస్తా" అంది.

ఒహాయో

పెన్సిల్వేనియా అంతా కొండలూ సొరంగాలూ. రోడ్డు పక్క బోర్డుల మీద ఒకటి దేవుడిది, ఒకటి లాయరుది, మళ్ళీ దేవుడిది. నరకానికి పోతావా అని ఒకాయన, యాక్సిడెంట్ అయిందా అని ఒకాయన. ఇద్దరికీ ఫోన్ నంబర్లున్నాయి.

సాయంత్రం ఒహాయోలో ఒక చిన్న ఊళ్ళో టిఫిన్ చేశాం. ఇక్కడి పాతకాలం హోటళ్ళలో పొద్దుటి టిఫిన్ రోజంతా ఇస్తారు, అదొక్కటి మనవాళ్ళు నేర్చుకోవాలి. లోపలికి వెళ్ళగానే నేను కిటికీ దగ్గర కూర్చోబోతే మహిత వద్దని, గోడవారగా, తలుపు కనబడే చోట కూర్చుంది.

"అక్కడ వ్యూ ఏముందమ్మా, వంటగది కనిపిస్తుంది."

"వంటగదికి బ్యాక్ డోర్ ఉంటుంది అంకుల్."

"అయితే?"

"ఎవరైనా గన్‌తో వస్తే అటు పరిగెత్తాలి. కిండర్‌గార్టెన్‌లో నేర్పించారు. మేం లైట్లు ఆపి, బ్యాగ్స్ పెట్టే కబ్బీస్‌లో కూర్చునేవాళ్ళం. సౌండ్ చేయకపోతే టీచర్ స్టికర్ ఇచ్చేది."

ఎంత మామూలుగా చెప్పిందంటే, నేను ఎక్కాలు నేర్చుకున్నానని చెప్పినట్టు. మనం ఐదేళ్ళ పిల్లలకి పలక మీద అ, ఆ దిద్దిస్తాం. ఇక్కడ చప్పుడు చేయకుండా ఎలా ఏడవాలో దిద్దించారు. అంత శ్రద్ధగా తమ అలవాట్లన్నీ నేర్పిన పిల్లని ఇప్పుడు మాది కాదంటున్నారు.

వడ్డించిన ఆమె పేరు డెబ్బీ. అరవై దాటి ఉంటాయి, మోకాలికి పట్టీ. మెనూ మీద గుడ్డుకి అదనంగా యాభై సెంట్లని చీటీ అంటించి ఉంది. "గుడ్లదేముంది, నా మోకాలి ధర అడగండి" అంది. ఆపరేషన్ చేయించుకోవాలంటే ఇన్సూరెన్స్ కావాలి, ఇన్సూరెన్స్ కావాలంటే పూర్తి ఉద్యోగం కావాలి, పూర్తి ఉద్యోగం చేయాలంటే మోకాలు కావాలి. చెప్పి నవ్వి, అడక్కుండానే కాఫీ నింపింది. సెలవులకి వెళ్తున్నావా తల్లీ అని మహితని అడిగింది. మహిత దాచలేదు, ఉన్నదున్నట్టు చెప్పింది.

డెబ్బీ కాఫీ కెటిల్ బల్ల మీద పెట్టేసింది. "అలా ఎలా కుదురుతుంది? నువ్వు నాలాగే మాట్లాడుతున్నావు. ఏదో ఒక ఫామ్ ఉండే ఉంటుంది బంగారం. సరిగ్గా వెతికారా?"

మహిత మర్యాదగా వెతుకుతామంది.

ఆ రాత్రి మోటెల్ కౌంటర్‌లో ఉన్న గుజరాతీ పెద్దాయన నా ఐడీ తిరిగిస్తూ, పాస్‌పోర్ట్ కూడా జేబులో పెట్టుకోండి, ఈమధ్య రోజులు బాగాలేవు అన్నాడు. పెట్టుకునే ఉన్నానని చొక్కా జేబు తట్టి చూపించాను. ఆయన తన జేబు తట్టి చూపించాడు. ఇద్దరం అమెరికా పౌరులం. గుండె ఉందో లేదో చూసుకున్నట్టు జేబులు తడుముకున్నాం.

ఇండియానాలో ఆదివారం భోజనం

ఇండియానాలో మా ఆవిడకి దూరపు బంధువు, డాక్టర్ సుబ్బారావుగారు ఉన్నారు. ఎనభై దగ్గరపడ్డాయి. కుర్రతనంలోనే గుంటూరు నుంచి వచ్చి, మొక్కజొన్న చేల మధ్య ఊళ్ళో నలభై ఏళ్ళు వైద్యం చేసి రిటైరయ్యారు. ఆయన భార్య కామేశ్వరిగారు గోంగూర పచ్చడి, పప్పుచారు, వడియాలు పెట్టారు. గోంగూర ఇంటి వెనక వేసిందే. నాలుగు ముద్దలు స్వర్గంలో తిన్నాను. ఐదో ముద్దకి డాక్టరుగారు రాజకీయాలు మొదలుపెట్టారు.

"చూడవయ్యా, గట్టిగా పట్టుకోకపోతే ఈ దేశం ఏమైపోను? అడ్డదారిన వస్తే ఊరుకుంటారా? మేమూ వచ్చాం. లైన్‌లో వచ్చాం. లీగల్‌గా వచ్చాం."

"ఊరుకోండి, పిల్ల తింటోంది" అన్నారు కామేశ్వరిగారు.

"తిననీ. నేనేం తప్పు మాట్లాడా? లైన్‌లో నిలబడమంటున్నా, అంతేగా."

మహిత ముద్ద దించి అడిగింది. ఎగతాళి లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "మీరు ఎన్ని ఇయర్స్ నిలబడ్డారు అంకుల్?"

"మాకు లైనెక్కడిదమ్మా. డాక్టర్లు కావాలని బతిమాలేవాళ్ళు. దిగీ దిగగానే కార్డు చేతిలో పెట్టారు."

తను ఏమన్నారో ఆయనకి రెండు క్షణాలు ఆలస్యంగా వినబడింది. వడియం ఒకటి తీసుకుని విరిచారు, తినలేదు.

"మా నాన్న పధ్నాలుగు ఇయర్స్ నుంచి లైన్‌లో ఉన్నాడు" అంది మహిత. "నేను కూడా నాన్నతోనే నిలబడ్డా. బట్ నాకు ట్వెంటీ వన్ వస్తే లైన్‌లోంచి తీసేస్తారు."

"మీ లాయరు సరిగ్గా లేనట్టుంది" అన్నారాయన, గొంతు బాగా తగ్గించి. "ఏదో ఫామ్ ఉండాలే. లాయర్ని మార్చమను మీ నాన్నని."

కామేశ్వరిగారు పప్పుచారు గిన్నె తెచ్చారు. మహితకి పోశారు, నాకు పోశారు, భర్త కంచం దాటి లోపలికి తీసుకెళ్ళిపోయారు. నేను చూసిన రాజకీయ నిరసనల్లోకెల్లా అది గొప్పది.

మనవాళ్ళకి వరుసలు కలపడం తెలుసుగాని వరుసలో నిలబడడం తెలియదని ఒక పేరుంది. మన ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేసేస్తే సీటు మనది. ముందొచ్చినవాళ్ళు ఎంతమంది ఉన్నా సరే. మా అత్తగారికి టికెట్ దొరక్కపోవడం నాకోసం కువైట్‌లోంచి వేసిన తువ్వాలు. డాక్టరుగారి కోసం అయితే కండక్టరే దిగొచ్చి చెయ్యి పట్టి ఎక్కించాడు. సీట్లో కూర్చున్నాక మాత్రం ఇద్దరం కిటికీలోంచి చూసి, ఏమిటీ తోపులాట, క్రమశిక్షణ లేదు, అంటాం.

ఇలా డాక్టరుగారిని మనసులో దులిపేస్తూ డ్రైవ్ చేస్తున్నాను. పక్కన మహిత కార్డుల కట్ట తీసింది.

"క్విజ్ అంకుల్. సిటిజన్స్‌కి మాత్రమే ఉన్న రెస్పాన్సిబిలిటీ ఒకటి చెప్పండి."

"ఓటు" అన్నాను వెంటనే. అది నేనెప్పుడూ తప్పు చెప్పలేదు.

"లాస్ట్ టైమ్ వేశారా?"

అబద్ధం చెప్పొచ్చు. ఎందుకో నోరు రాలేదు. "వెళ్ళానమ్మా. లైన్ చాలా ఉంది. నలభై నిమిషాలన్నారు. ఇండియన్ షాపు మూసేస్తాడు, మీ ఆంటీ కరివేపాకు తెమ్మంది..."

మహిత ఆ కార్డుని కట్ట అడుగున పెట్టి, కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"కరివేపాకు దొరికిందా అంకుల్?"

దొరికింది. అదే నన్ను కాల్చేస్తోంది. లేతగా, ఘుమఘుమలాడుతూ, గుప్పెడు రెండు డాలర్లకి దొరికింది. పధ్నాలుగేళ్ళు నిలబడ్డవాడి కూతురికి, నలభై నిమిషాలు నిలబడలేనివాడు కారు నడుపుతున్నాడు. డాక్టరుగారి మీద పెట్టుకున్న కోపమంతా యూటర్న్ కొట్టి నా దగ్గరికే వచ్చి ఆగింది.

మిస్సోరీలో పంక్చర్

సోమవారం పొద్దున సెయింట్ లూయిస్‌లో నది ఒడ్డునున్న పెద్ద కమాను చూశాం. గుడ్డు ఆకారం లిఫ్టులో మోకాళ్ళు ముడుచుకుని పైకి ఎక్కాలి. పైన చిన్న కిటికీ దగ్గర మహిత బోర్లా పడుకుని, పడమటి దిక్కు చూస్తూ ఉండిపోయింది. ఫొటో తియ్యమంటుందేమోనని నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. తియ్యమనలేదు.

అక్కణ్ణుంచి రెండు గంటలు పోయాక టైరు తుస్సుమంది. స్పేర్ టైరు ఉందిగానీ దాని మీద మహిత మూడేళ్ళ చదువు ఉంది. పుస్తకాలు, రైస్ కుక్కర్, పరుపు అన్నీ రోడ్డు పక్కన గడ్డిలో దించి, జాకీ ఎటు తిప్పాలో మాన్యువల్‌లో చదువుతున్నాను. సాఫ్ట్‌వేర్ వాడికి మాన్యువల్ ఇస్తే ఏమవుతుందో అదే అవుతోంది.

ఒక పికప్ ట్రక్కు ఆగింది. దిగినాయన నెత్తిన ఎన్నికల ప్రచారం నాటి ఎర్ర టోపీ, ట్రక్కు వెనక రెండు జెండాలు, బంపరు మీద తుపాకీ బొమ్మ. నా చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదికి పోయింది. ఆయన నా పాస్‌పోర్టు వైపు చూడలేదు. టైరు వైపు చూశాడు. "జరుగు" అని పావుగంటలో మార్చేశాడు. డబ్బివ్వబోతే కోపం తెచ్చుకున్నాడు. పేరు రాయ్ అట. ఐస్ పెట్టెలోంచి రెండు చల్లటి డ్రింకులు తీసి ఇచ్చాడు.

"ఎక్కడివాళ్ళు?"

"ఇండియా" అన్నాను.

"బెంటన్‌విల్" అంది మహిత.

మా డాక్టరొకాయన ఇండియా వాడే, బంగారంలాంటి మనిషి, అన్నాడు. మీలాంటివాళ్ళతో పేచీ లేదు, కష్టపడతారు, పేచీ అంతా ఆ మిగతావాళ్ళతోనే, అన్నాడు. మిగతావాళ్ళంటే ఎవరో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. చల్లటి డ్రింకు చేతిలో ఉన్నప్పుడు నా ధైర్యం చల్లగానే ఉంటుంది.

మహిత అందుకుంది. "నేనే ఆ మిగతావాళ్ళు" అని, రేపటి విమానం సంగతి చెప్పింది.

ఆయన చేతులు తుడుచుకుంటున్నవాడల్లా ఆగాడు. గడ్డిలో ఉన్న పరుపు చూశాడు, పుస్తకాలు చూశాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు. "కాదు, అది నీలాంటి పిల్లల గురించి కాదు. ఎక్కడో పొరపాటు జరిగింది. ఏదో ఒక ఫామ్ ఉండే ఉంటుంది." తమ నియోజకవర్గం ప్రతినిధికి తానే ఉత్తరం రాస్తానని, పెట్రోలు రసీదు వెనక ఆమె పేరు స్పెల్లింగ్ అడిగి రాసుకున్నాడు. పుస్తకాలన్నీ మళ్ళీ కారులోకి తనే ఎక్కించాడు.

ఆయన మంచివాడు కాదని రాయాలని చాలా ఉంది. రాస్తే అబద్ధమవుతుంది. తాను దేనికి ఓటేశాడో తెలియనివాడు ఆయన. తెలిసి కూడా వెయ్యనివాణ్ణి నేను. టైరు మార్చడమైనా ఆయనకి వచ్చు.

బెంటన్‌విల్

ప్రసాద్‌ది పెద్ద రీటెయిల్ కంపెనీలో కాంట్రాక్టు పని. ఆ ఊళ్ళో సగంమంది పని అదే. రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంటు, శుభ్రంగా ఉంటుంది. తలుపు తీయగానే కనిపించేది నేలమీది ఫొటోలు. ఫ్రేములు కట్టించిన ఫొటోలు పది పన్నెండు, గోడకి ఆనించి వరసగా నేలమీద. రెండేళ్ళ మహిత మొదటి మంచులో, ఐదేళ్ళ మహిత స్కూల్లో చిన్న జెండా పట్టుకుని గుండె మీద చెయ్యేసుకుని, ముగ్గురూ గుడిలో, ముగ్గురూ హైస్కూల్ గ్రాడ్యుయేషన్‌లో. అద్దె ఇంట్లో మేకులు ఎందుకు, గ్రీన్ కార్డు వచ్చాక మన ఇల్లు కొనుక్కుని అక్కడే కొట్టుకుందాం అనేవాడు ప్రసాద్. వచ్చిన కొత్తల్లో కొన్న మేకుల పెట్టె ఐదు ఇళ్ళు మారినా సీలు తీయకుండా చెంచాల సొరుగులోనే ఉంది.

నవ్వకండి. ఇలాంటి పెట్టె ఇక్కడ ప్రతి తెలుగింట్లో ఒకటి ఉంటుంది. ఒకరికది పియానో, ఒకరికి కుక్కపిల్ల, ఒకరికి రెండో బిడ్డ. కార్డు వచ్చాక.

ఆ సాయంత్రమే కేక్ కోశారు. ప్రసాద్ రెండు, ఒకటి అంకెల కొవ్వొత్తులు తెచ్చి గుచ్చాడు. లలిత ఒకటి అంకెని పీకేసి చెత్తబుట్టలో వేసింది. "ఎల్లుండి దాకా దీనికి ఇరవయ్యే."

"ఇప్పుడు రెండు మాత్రమే ఉంది కదే" అన్నాడు ప్రసాద్.

"ఓకే నాన్నా. రెండేళ్ళకే కదా వచ్చా" అని మహిత ఊదేసింది.

మంగళవారం పొద్దున ఎయిర్‌పోర్టులో ఏడుపులేమీ లేవు. లలిత ఊరగాయ సీసా టేపు మూడోసారి చుట్టింది. మహిత నా చేతిలో కార్డుల కట్ట పెట్టింది. "నాన్న టర్న్ వచ్చినప్పుడు ఇవ్వండి అంకుల్. తప్పు చెప్తే స్కేల్‌తో కొట్టు." లోపలికి వెళ్ళే క్యూలో నిలబడింది. ఆ క్యూ మాత్రం చకచకా కదిలింది. రాత్రి పన్నెండు దాటి ఆమెకి ఇరవై ఒకటి నిండే వేళకి విమానం సముద్రం మీద ఉంటుంది. అది ఏ దేశానిదీ కాదు, అందుకని అక్కడ ఎవరూ ఏమీ అడగరు.

మేకు

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం. ప్రసాద్ షూస్ విప్పకుండా కూర్చున్నాడు. లలిత వంటగదిలోకి వెళ్ళింది. అన్నం పెడుతుందనుకున్నాను. సొరుగు లాగిన చప్పుడు. మేకుల పెట్టె పళ్ళతో కొరికి సీలు తీస్తూ వచ్చింది, ఇంకో చేతిలో సుత్తి.

"అన్నయ్యగారూ, ఆ స్టూలు పట్టుకోండి."

"లీజ్‌లో రాసుందే, డిపాజిట్..." అన్నాడు ప్రసాద్.

స్టూలెక్కి కొట్టింది. గోడకి ఒక మేకు చాలు, ఆమె కొట్టిన దెబ్బలు పది మేకులకి సరిపోతాయి. సున్నం నా నెత్తిన రాలింది. నేను స్టూలు వదల్లేదు. జెండా పట్టుకుని గుండె మీద చెయ్యేసుకున్న ఐదేళ్ళ మహిత ముందుగా గోడెక్కింది.

ఎవరో తలుపు తట్టారు. అపార్ట్‌మెంట్ ఆఫీసు అమ్మాయి. పాతికేళ్ళు ఉంటాయేమో, చిరునవ్వు. కింది వాళ్ళు చప్పుడని ఫోన్ చేశారట. గోడ చూసింది, సుత్తి చూసింది, లలిత మొహం చూసింది. చాలా మర్యాదగా చెప్పింది.

"ఫర్వాలేదండీ, గోడకి మేకులు కొట్టుకోవచ్చు. కాకపోతే దానికి ఒక ఫామ్ ఉంది."

ప్రసాద్ నన్ను చూశాడు. నేను నేలని చూశాను.

"ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగింది లలిత.

"రెండు రోజుల్లో అప్రూవ్ అయిపోతుంది. ఎప్పుడూ కాదనరు."

"రెండు రోజులు" అంది లలిత. తలాడించింది. పెట్టెలోంచి రెండో మేకు తీసుకుంది.

అప్పుడు ప్రసాద్ లేచాడు. వంగి, నేలమీది రెండో ఫొటో తీసి, చొక్కాతో అద్దం తుడిచి, ఆమె చేతికి అందించాడు.